గోడమీది నాయన

పోయిన వారం పీలేరు నుంచి ఫోను వచ్చింది, భాయ్ పోయినాడని. నిద్రలోనే పోయినాడంట. నేనూ మా ఆవిడా తిరుపతిలో బస్సెక్కి అక్కడికి చేరేసరికి స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి ముందుగదిలో పడుకోబెట్టి ఉన్నారు. గది నిండా అత్తరు వాసన. అది ముక్కుకు తగలగానే నా కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి. కువైట్లో, సాల్మియాలో నేను డ్రైవరుగా చేసిన ఇంటాయన, అంటే మా బాబా, శుక్రవారం నమాజుకు బయలుదేరితే కారంతా ఇదే వాసన. ఆయన్ని మసీదు దగ్గర దించి, ఏసీ ఆపుకుని ఎండలో కూర్చుని, ఆ వాసనలోనే పాకాల గురించీ పాప గురించీ ఆలోచించుకునేవాణ్ణి.

కువైట్లో చిత్తూరు జిల్లా అంటే చాలు, అన్నదమ్ముల లెక్క. భాయ్ మేస్త్రి. ఫర్వానియాలో పదిమందితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. నాకంటే వయసులో పెద్ద. 1990 యుద్ధంలో ఇద్దరం కలిసే బయటపడ్డాం. ఆ రోజుల సంగతి ఒక మాట అంటే రెండో మాట అందుకోగలిగిన మనిషి నాకు ఆయనొక్కడే. అందుకే గుర్తున్నంత వరకు రాసిపెడుతున్నాను.

* * *

మా వైపు కువైట్ అంటే తెలియని ఇల్లు లేదు. పీలేరు, కలికిరి, వాయల్పాడు, అటు పోతే రాయచోటి, రాజంపేట, ఏ బస్సెక్కినా "మావోడు కువైట్లో ఉండాడు" అనే మాట వినబడేది. వానలు లేక చెనిక్కాయ చేతికి రాని ఏడు ఏజెంట్ల చుట్టూ తిరిగేవాళ్ళు ఎక్కువయ్యేవాళ్ళు. నేను కూడా నూటికి మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చి కట్టాను. వచ్చింది ఇంటిపని వీసా. కంపెనీ వీసాకు కట్టేంత స్తోమత మాకు లేదు.

నేను విమానం ఎక్కేటప్పటికి మా ఆవిడకు ఐదో నెల. కాన్పుకు చిత్తూరు పంపించారు, గిరింపేటలో వాళ్ళ పుట్టింటికి. ఆడబిడ్డ పుట్టిందన్న సంగతి నాకు ఉత్తరం వచ్చేదాకా తెలియదు. ఆ ఉత్తరం కూడా దారిలో పదిహేను రోజులు తిరిగి వచ్చింది. అంటే పాప పుట్టిన రోజున నేను ఏం చేస్తున్నానో కూడా నాకు తెలియదు. మామూలుగా బండి తుడుచుకుని, పిల్లల్ని బడికి దింపి, మామా చెప్పిన సామాన్లు బకాలాలో తెచ్చి ఉంటాను. (అక్కడ ఇంటి యజమానిని బాబా అనీ, ఆమెను మామా అనీ పిలుస్తాం. కొట్టును బకాలా అంటారు.)

ఊళ్ళో ఫోను మామిడి మండీ సావుకారు దగ్గర ఒక్కటే ఉండేది. దానికి ఫోను చేసి, మనిషిని పంపి పిలిపించి మాట్లాడాలంటే నా జీతానికి అయ్యే పని కాదు. మాకు దిక్కు క్యాసెట్లు. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. సెలవు మీద పోయే ఎవరో ఒకరి చేతికి ఒక ఖాళీ టీడీకే క్యాసెట్టు ఇచ్చి పంపితే, ఇంట్లోవాళ్ళు టేప్ రికార్డరు ముందు కూర్చుని మాట్లాడి, తిరిగొచ్చే మనిషితో పంపేవాళ్ళు.

మొదటి క్యాసెట్లో మా మామ గొంతు సవరించుకుని, పంచాయతీలో మాట్లాడినట్టు "ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నీవు క్షేమమని తలుస్తాము" అని ఉత్తరం చదివినట్టే చదివాడు. తర్వాత అత్త. తర్వాత కొంచెంసేపు ఏమీ లేదు. బావి గిలక కిర్రుమన్న చప్పుడు, ఎవరిదో సైకిల్ బెల్లు. ఆ తర్వాత మా ఆవిడ గొంతు, చాలా మెల్లగా, "మాట్లాడు పాపా, మీ నాయన వింటాడు" అంది. పాప ఊఁ కొట్టింది. అంతే. టక్కున బటన్ నొక్కిన శబ్దం, ఇంక ఖాళీ.

ఆ ఊఁ దగ్గరికి టేపును వెనక్కి తిప్పీ తిప్పీ ఆ భాగం సాగిపోయింది. చివరికి పాప గొంతు మగపిల్లాడి గొంతులా బొంగురుగా వినిపించేది. శుక్రవారం భాయ్ వచ్చినప్పుడు ఆయన కొడుకు క్యాసెట్టు ఒకసారి, నాది ఒకసారి పెట్టుకునేవాళ్ళం. ఆయన వినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేవాడు. నేను గది బయటికి పోయి నిలబడేవాణ్ణి.

* * *

1990 ఆగస్టు 2, గురువారం. తెల్లవారక ముందే హెలికాప్టర్ల మోత. మా బాబా వాళ్ళు వేసవి సెలవులకు లండన్ పోయి ఉన్నారు. కువైటీలు చాలామంది ఆ నెలలో దేశంలో ఉండరు. ఇంట్లో నేను, వంటావిడ, తోటపని చేసే బంగ్లాదేశ్ అబ్బాయి, అంతే. మేడ ఎక్కి చూస్తే రోడ్డుమీద యుద్ధ ట్యాంకులు వరసగా పోతున్నాయి. ఇరాక్ సైన్యం వచ్చేసిందని సాయంత్రానికి గానీ మాకు అర్థం కాలేదు.

ఫోన్లు పోయాయి. ఉత్తరాలు లేవు. రొట్టె దుకాణం ముందు తెల్లవారుజామున లైనులో నిలబడితే ఎండ ఎక్కాక నాలుగు ఖుబ్బూస్ దొరికేవి. దినారుకు విలువ లేకుండా పోయింది. ఇంటికి పంపాలని దాచుకున్న జీతం చేతిలోనే చిత్తుకాగితమైంది. ఒకరోజు ముగ్గురు సైనికులు వచ్చి కాప్రిస్ కారు తాళాలు అడిగారు. ఇచ్చేశాను. అందులో ఒకడికి మీసాలు కూడా సరిగా రాలేదు. నేను ఇండియా వాణ్ణని చెబితే తల ఊపి, నా జేబులోంచి కనబడుతున్న పాప ఫోటో తీసి చూశాడు. మళ్ళీ జేబులోనే పెట్టాడు. వాడు ఆ తర్వాత బతికాడో లేదో.

ఇక్కడ మా ఇంట్లో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. పొద్దున ఏడింటికి ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తల కోసం మా ఆవిడ పాపకు పాలిస్తూనే రేడియో పక్కన కూర్చునేదట. కువైట్ అన్న మాట వస్తే పాపను కూడా ఊరుకోమనేదట. మామ ఈనాడు పేపరు తెచ్చి పెద్దగా చదివేవాడు, బాగా లేని వార్త ఉంటే ఆ పేజీ మడిచి దిండు కింద పెట్టేవాడు. దిండు కిందున్న పేజీలన్నీ మా ఆవిడ రాత్రిపూట తీసి చదువుకునేది. ఈ సంగతి మామ పోయేదాకా ఆయనకు తెలియనివ్వలేదు.

* * *

అప్పట్లో కువైట్లో మనవాళ్ళు లక్షన్నరకు పైనే ఉన్నారు. విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ పోయి సద్దాం హుస్సేన్‌తో మాట్లాడివచ్చాక దారి తెరుచుకుంది. నా పాస్‌పోర్టు బాబా దగ్గర ఎక్కడుందో తెలియదు, ఇల్లంతా వెతికినా దొరకలేదు. ఎంబసీవాళ్ళు ఇచ్చిన ఒక కాగితమే నా గుర్తింపు. భాయ్, నేను, ఇంకొంతమంది కలిసి చేతి గడియారాలూ ఉన్న డబ్బూ పోగేసి ఒక బస్సు మాట్లాడుకున్నాం. బస్రా, అక్కడినుంచి బాగ్దాద్, అక్కడినుంచి జోర్డాన్ సరిహద్దు.

దారి సంగతి పెద్దగా చెప్పడానికి లేదు. ఎడారి, చెక్‌పోస్టు, మళ్ళీ ఎడారి. చెప్పాల్సింది సరిహద్దు దగ్గర డేరాల్లో ఉన్న రోజుల గురించి. పగలు నేల కాలిపోయేది, రాత్రి చలికి పళ్ళు కొట్టుకునేవి. నీళ్ళ ట్యాంకరు వస్తే వేలమంది ఒక్కసారిగా లేచేవాళ్ళు. శ్రీలంకవాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు, ఈజిప్టువాళ్ళు, మలయాళీలు, మన తెలుగువాళ్ళు. పడుకునే ముందు తేళ్ళు ఉన్నాయేమోనని దుప్పటి దులుపుకునేవాళ్ళం. పక్క డేరాలో ఒక మలయాళీ కుటుంబం, చంటిబిడ్డతో. ఆ బిడ్డ రాత్రి ఏడిస్తే చుట్టూ ఉన్న మగవాళ్ళం ఎవ్వరం విసుక్కోలేదు. అందరం మేలుకుని వినేవాళ్ళం. భాయ్ తన వంతు నీళ్ళలో సగం ప్రతిరోజూ ఆ బిడ్డ తల్లికి ఇచ్చేవాడు.

పాప ఫోటో చిత్తూరులో స్టూడియోలో తీయించింది. బోర్లా పడ్డప్పుడు అందరూ తీయిస్తారే, అట్లాంటిదే. బట్టల్లేకుండా తువ్వాలు మీద బోర్లా పడి తల ఎత్తి చూస్తూ, చెంపమీద పెద్ద దిష్టిచుక్క. దాన్ని మా ఆవిడ ఉత్తరంలో మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. చెమటకు రెండూ ఒకటికొకటి అంటుకుపోయాయి. డేరాలో ఒక రాత్రి మెల్లగా విడదీయబోతే దిష్టిచుక్క ఉన్న చోట ఫోటో పైపొర ఊడి ఉత్తరానికి అంటుకుని వచ్చేసింది. పాప చెంపమీద తెల్లటి మచ్చ మిగిలింది. నాకు అప్పటిదాకా రాని భయం ఆ నిమిషంలో వచ్చింది. ట్యాంకులు చూసినప్పుడు రాలేదు. భాయ్ ఫోటో తీసుకుని చూసి, ఆరిన పొయ్యిలోంచి మసి వేలితో తీసి ఆ తెల్లమచ్చమీద చుక్క పెట్టాడు. "హోగయా. ఇంక నిద్రపో తమ్ముడూ" అన్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. మసి చుక్క కొంచెం చెదిరింది గానీ పోలేదు.

అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తిరుగుతూనే ఉన్నాయి. దాదాపు 500 విమానాల్లో లక్షమందికి పైగా మనవాళ్ళను బొంబాయి చేర్చారు. మా వంతు వచ్చినప్పుడు విమానంలో పప్పూ అన్నం పెట్టారు. ముసలీ ముతకా, పక్కసీటువాళ్ళు, అందరూ తింటూ ఏడుస్తూనే ఉన్నారు. బొంబాయిలో మద్రాసు రైలెక్కాం. గుంతకల్లు దాటాక ప్లాట్‌ఫారం మీద మన మాట వినబడింది. కడప, నందలూరు, రాజంపేట, కోడూరు. భాయ్ తలుపు దగ్గర నిలబడి స్టేషన్ల పేర్లు ఒక్కొక్కటీ పైకి చదివాడు. రేణిగుంటలో దిగి, తిరుపతి పోయి, మీటరుగేజి బండిలో చంద్రగిరి, పనపాకం మీదుగా పాకాల చేరాం. పీలేరు పోవడానికి భాయ్ అక్కడ బండి మారాలి, నేను అదే బండిలో చిత్తూరు పోవాలి. ప్లాట్‌ఫారం మీద ఒకరినొకరం పట్టుకుని కాసేపు వదల్లేదు.

* * *

గిరింపేటలో ఇంటి ముందు నిలబడితే మా ఆవిడ చీపురు పట్టుకుని ఉన్నది ఉన్నట్టే నిలబడిపోయింది. ఏమీ అనలేదు. లోపలికి పోయి పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పాప ఏడవలేదు. నా గడ్డం పట్టుకుని లాగింది.

గోడకు నా ఫోటో ఒకటి తగిలించి ఉంది, పెళ్ళప్పటిది, సూటు వేసుకున్నది. నేను లేనన్నాళ్ళూ మా ఆవిడ రోజూ పాపను ఎత్తుకుని ఆ ఫోటో ముందు నిలబడి "నాయన ఏడీ?" అని అడిగేదట, పాప వేలు చూపించేదట. ఆ సాయంత్రం మా అత్త అందరి ముందూ సంబరంగా "నాయన ఏడమ్మా?" అని అడిగింది. పాప నా ఒళ్ళోనే ఉంది. నా ఒళ్ళో కూర్చునే చెయ్యి చాపి గోడవైపు చూపించింది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రాత్రి మా ఆవిడ ఆ ఫోటో తీసేస్తానంది. వద్దన్నాను. పాప తనంతట తానే కనుక్కోవాలనిపించింది. చాలా రోజులు పట్టింది. ఒకరోజు అడిగితే ఫోటోవైపు చూసి, నావైపు చూసి, మళ్ళీ ఫోటోవైపు చూసి, పాకుతూ వచ్చి నా మోకాలు పట్టుకుంది.

ఆ తర్వాత గడిచిన నెలలు మా కాపురంలోకెల్లా మంచి రోజులు. డబ్బు మాత్రం లేదు. దామలచెరువు మండీల నుంచి మామిడి లోడు లారీలకు బదిలీ డ్రైవరుగా పోయేవాణ్ణి. ఇంట్లో ఉంటే పాప నా రొమ్ముమీదే పడుకునేది. వెల్లకిలా పడుకుని కదలకుండా ఉంటే, నా ఊపిరితో పాటు దాని తల కొంచెం పైకి లేచి కిందికి దిగేది. నా బనీను మీద చొంగ తడి. మా ఆవిడ ఆ చివరనుంచి చూస్తూ ఉండేది. 1991 జనవరిలో అమెరికావాళ్ళు బాంబులు వేయడం మొదలయ్యాక కూడా రేడియో వింటూనే ఉన్నాను. సాల్మియాలో ఆ ఇల్లు, ఆ వీధి, ఆ బకాలా ఏమయ్యాయోననే దిగులు ఉండేది. అయినా పాప రొమ్ముమీద ఉన్నప్పుడు అదంతా ఎక్కడిదో అనిపించేది.

పుట్టువెంట్రుకలు నేను వచ్చేదాకా ఆపారు. యుద్ధంలోంచి నేను క్షేమంగా వస్తే కొండమీద ఇస్తామని మా అమ్మ మొక్కుకుంది. కళ్యాణకట్టలో బామ్మర్ది ఒళ్ళో పాపను కూర్చోబెడితే మంగలి కత్తి తగలగానే కెవ్వుమంది. నేను దాని రెండు చేతులూ పట్టుకున్నాను. గుండుకు గంధం పూసి నా చేతికిచ్చారు. దర్శనం లైనులో గంటలకొద్దీ ఆ గంధం తల నా మెడకు ఆనుకుని నిద్రపోయింది. నా చొక్కా కాలరుకు పట్టిన గంధం మరకను ఉతకవద్దని మా ఆవిడతో చెప్పాను.

* * *

అప్పు మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. ఏజెంటుకు కట్టిన డబ్బుకు వడ్డీ పెరుగుతూనే ఉంది. కువైట్ విడుదలయ్యాక కొన్ని నెలలకు బాబా కబురు పంపాడు, తిరిగొచ్చాము, నువ్వు కూడా రా అని. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు అన్నం వడ్డిస్తూ "అప్పు తీరేదాకా" అంది. అంతే. రేణిగుంటలో రాత్రి బండి. పాప నిద్రపోయాకే ఇల్లు కదలమని అత్త చెప్పింది. నిద్రలో ఉన్న పిల్ల చేతిలోంచి నా చూపుడువేలు విడిపించుకున్నాను.

నేను దిగేసరికి చమురు బావుల మంటలు చాలావరకు ఆర్పేశారు. ఇరాక్ సైన్యం పోతూపోతూ ఆరువందలకు పైగా బావులకు నిప్పుపెట్టి పోయింది. ఆఖరిది నవంబరులో ఆరింది. గాలి అటువైపునుంచి వచ్చిందంటే మధ్యాహ్నమే మబ్బు కమ్మేసేది, లైట్లు వేసుకుని బండి నడిపేవాళ్ళం. పొద్దున కారు తుడిస్తే గుడ్డ నల్లగా జిడ్డుగా అయిపోయేది. బాబా ఇంట్లో తలుపులు, టీవీలు, పరుపులు అన్నీ ఎత్తుకుపోయారు. నేను ఇచ్చిన కాప్రిస్ మళ్ళీ కనబడలేదు.

అంతకుముందు కువైట్లో నాకు ఇల్లు గుర్తొచ్చేది, దిగులుగా ఉండేది. కానీ ఫోటోలోని పాపమీద బెంగ వేరు, రొమ్ముమీద పడుకున్న పాపమీద బెంగ వేరు. డేరాల్లో ఉన్నప్పుడు కూడా నాకు ఇంత కష్టం తెలియలేదు. అక్కడ ప్రాణభయం ముందు నిలబడేది. ఇప్పుడు ప్రాణానికి ఏ భయమూ లేదు. తిండి ఉంది, మంచం ఉంది, ఏసీ ఉంది. రాత్రి వెల్లకిలా పడుకుంటే నిద్రపట్టేది కాదు. రొమ్ముమీద బరువు లేదని అర్ధరాత్రి మెలకువ వచ్చేది. పక్కకు దొర్లిపడిందేమోనని చెయ్యి మంచం అంచు తడిమేది.

మామా సామాన్లు రాసిస్తే బకాలాకు పోయేవాణ్ణి. అక్కడ పిల్లల పౌడర్ల అరలో జాన్సన్ పౌడర్ డబ్బా మూత తిప్పి వాసన చూసి మళ్ళీ పెట్టేసేవాణ్ణి. కొట్లో ఉండే మలయాళీ చేట్టన్ (వాళ్ళ భాషలో అన్న) చాలా రోజులు చూసీ చూడనట్టు ఉన్నాడు. ఒకరోజు డబ్బా నా సంచిలో వేసి డబ్బు తీసుకోలేదు. "నాకూ ఉన్నారు ఇద్దరు" అన్నాడు హిందీలో. ఆ డబ్బా నేను వాడలేదు, ఎవరికీ ఇవ్వలేదు. దిండు పక్కన పెట్టుకున్నాను.

భాయ్ కూడా మళ్ళీ వచ్చాడు. శుక్రవారం క్యాసెట్లు మళ్ళీ మొదలయ్యాయి. అయితే ఇప్పుడు పాప ఊఁ కొట్టడం లేదు, మాటలు చెబుతోంది. అత్త నేర్పించిన మాటలు ముద్దుగా అప్పజెప్పింది. మధ్యలో ఆగి "దీంట్లో నాయన ఉండాడా?" అని అడిగింది. మా ఆవిడ జవాబు చెప్పకుండా రికార్డరు ఆపేసింది.

ఆ క్యాసెట్టుతో వచ్చిన ఉత్తరంలో మా ఆవిడ ఒక సంగతి రాసింది. దాన్ని నేను అప్పుడు భాయ్‌కి కూడా చదివి వినిపించలేకపోయాను. గోడకు నా ఫోటో అట్లాగే ఉందట. ఎవరైనా "నాయన ఏడీ?" అని అడిగితే పాప ఇప్పుడు దానివైపు చూడడం లేదట. దిగి, నడుచుకుంటూ వీధి వాకిలిదాకా పోయి, గడప పట్టుకుని, బస్సు వచ్చే రోడ్డువైపు నిలబడుతోందట.

* * *

అప్పు తీరింది. అసలు తీరిన నెలలోనే బాబాకు చెప్పేశాను. ఆయన మంచివాడు, ఇంకో ఏడాది ఉండమని అడిగాడు, జీతం పెంచుతానన్నాడు. ఆయన పిల్లల్ని రోజూ బడి దగ్గర దింపే నేను నా బిడ్డను బడిలో వేయాల్సిన ఏడు అక్కడ లేకపోతే ఎట్లా అని అడిగాను. ఆయన మళ్ళీ బలవంతం చేయలేదు.

తిరుపతికి మారి, సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ కొని కొండకూ కాణిపాకానికీ కాళహస్తికీ యాత్రికులను తిప్పాను. స్కూలు లేని రోజు ముందుసీట్లో పాప ఉండేది. తర్వాత కొన్నేళ్ళకు ఐక్యరాజ్యసమితి ఇప్పించిన పరిహారం వచ్చింది, దాంతో ఇంటికి శ్లాబు వేశాం. భాయ్ మాత్రం ఇంకా చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాడు, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేయాలి గదా. సెలవు మీద వచ్చినప్పుడల్లా పీలేరుకంటే ముందు మా ఇంటికే వచ్చేవాడు. పాప బుగ్గ గిల్లి "చుక్క ఎక్కడ పోయింది బేటీ?" అనేవాడు. దానికి అర్థమయ్యేది కాదు.

బాబా ఆ తర్వాత కూడా వీసా కాగితాలు పంపాడట. మా ఆవిడ వాటిని నాకు చూపించకుండా బీరువాలో చీరల కింద పెట్టేసింది. మొన్న పీలేరు నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో చెప్పింది. చూపించినా పోయేవాణ్ణి కాదన్నాను.